ఒంటిపూట శనివారం: విక్టోరియా కాలంలో పనివాళ్లకు తీరిక ఎలా దొరికింది?

1850లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన ఫ్యాక్టరీ చట్టంలో ఒక నిబంధన ఉంది. బట్టల మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్లను, 18 ఏళ్లు నిండని యువ కార్మికులను శనివారం మధ్యాహ్నం 2 గంటల తర్వాత పనిలో ఉంచకూడదు. పెద్దవాళ్లయిన మగ కార్మికుల ఊసే అందులో లేదు. అయితే మరమగ్గాల దగ్గర నిలబడేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. తెగిన దారాలను ముడివేసేది చిన్నవాళ్లే. వాళ్లు ఇంటిదారి పట్టాక ఆవిరి ఇంజన్ తిప్పుతూ కూర్చుంటే బొగ్గు ఖర్చు తప్ప మరేం మిగలదు. అందుకని మిల్లు ఆపేయక తప్పలేదు, మగవాళ్లకూ ఆ పూట సెలవు వచ్చింది.

విక్టోరియా రాణి 1837 నుంచి 1901 దాకా పాలించింది. ఆ కాలపు వినోదాలు అనగానే పియానో వాయించే అమ్మాయిలు, పచ్చిక మీద చెక్క సుత్తితో బంతిని కొట్టే క్రోకే ఆడే కుటుంబాలు, సముద్రపు ఒడ్డున గొడుగులు, క్రిస్మస్ చెట్టు గుర్తొస్తాయి. అవన్నీ ఉన్న మాట నిజమే. కానీ జనాభాలో పెద్ద భాగం మిల్లుల్లో, గనుల్లో, కార్ఖానాల్లో, పరాయి ఇళ్లలో పనిచేసేవాళ్లు. వాళ్లు ఏం ఆడారు, ఏం చూశారు అని అడిగే ముందు వాళ్లకు అసలు సమయం ఎక్కడిది అని అడగాలి. ఆ అరవై ఏళ్లలో తీరిక అన్నది గంటల్లో కొలిచి బేరమాడి సంపాదించుకున్న వస్తువైంది. మనం ఈరోజు వారాంతం అని ఎంతో మామూలుగా అనుకునేది ఆ బేరంలో పుట్టిందే.

పారిశ్రామిక యుగానికి ముందు చేతిపనివాళ్లకు తీరికే లేదనుకుంటే పొరపాటు. బర్మింగ్‌హామ్‌లో గుండీలు, తుపాకులు, ఇత్తడి సామాను చేసేవాళ్లు, షెఫీల్డ్‌లో కత్తులు చేసేవాళ్లు, లండన్‌లో చెప్పులు కుట్టేవాళ్లు సోమవారం పనికి వెళ్లకపోవడం చాలాకాలంగా ఉన్న ఆనవాయితీ. శనివారం రాత్రి కూలి డబ్బు చేతికొచ్చేది. ఆదివారం ఎలాగూ సెలవు. సోమవారం కూడా బీరు దుకాణంలోనో, కోడిపందెం బరి దగ్గరో, ఊరి పొలిమేరలో తోటల్లోనో గడిచిపోయేది. మంగళవారం నెమ్మదిగా పని మొదలుపెట్టి, గురు శుక్రవారాల్లో అర్ధరాత్రి దాకా కూర్చుని పూర్తి చేసేవాళ్లు. చేసిన వస్తువుల లెక్కన కూలి కాబట్టి ఏ రోజు ఎంతసేపు చేశారన్నది వాళ్ల ఇష్టం. ఈ అలవాటుకు జనం సెయింట్ మండే అని ఒక పునీతుడి పండగ పేరే పెట్టుకున్నారు. బర్మింగ్‌హామ్‌లో పనివాళ్ల పెళ్లిళ్లు కూడా ఎక్కువగా సోమవారమే జరిగేవి.

ఆవిరి ఇంజన్ వచ్చాక ఈ పద్ధతి యజమానులకు గిట్టలేదు. ఇంజన్‌కు నిప్పు రాజేశాక పదిమంది వచ్చినా వందమంది వచ్చినా అదే బొగ్గు కాలుతుంది. అందరూ ఒకే గంటకు రావాలి, ఒకే గంటకు వెళ్లాలి. 1850ల నుంచి ఒక్కో ఊళ్లో, ఒక్కో పరిశ్రమలో కుదిరిన ఒప్పందం ఇదే. పనివాళ్లు సోమవారాన్ని వదులుకోవాలి, బదులుగా శనివారం మధ్యాహ్నం నుంచి సెలవు తీసుకోవాలి. అంటే ఒక రోజు పోయి ఒక పూట మిగిలింది. 1850 చట్టంలోనూ ఇలాంటి లెక్కే ఉంది. అంతకు మూడేళ్ల ముందు, 1847లో, చాలా ఏళ్ల పోరాటం తర్వాత పది గంటల చట్టం వచ్చింది. శనివారం ఒంటిపూట ఇచ్చేటప్పుడు మిగతా అయిదు రోజుల పనిని పదిన్నర గంటలకు పెంచారు. వారానికి 58 గంటలు ఉండాల్సింది 60 గంటలైంది. కార్మిక నాయకుల్లో చాలామంది దీన్ని మోసం అన్నారు. వాళ్ల కోపంలో న్యాయం ఉంది. కానీ ఆ పూటను చేతికి తీసుకున్న జనం దానితో ఏం చేశారో చూస్తే, ఆ బేరంలో ఎవరూ ఊహించని లాభం కూడా కనిపిస్తుంది.

ఊరంతటికీ ఒకేసారి సెలవు. దాని బలం అక్కడే ఉంది. సెయింట్ మండే నాడు ఒక వృత్తివాళ్లు ఖాళీగా ఉంటే మరో వృత్తివాళ్లు పనిలో ఉండేవాళ్లు. శనివారం మధ్యాహ్నం నేతపనివాడు, ఇనుప కార్ఖానాలో పనివాడు, రైలు పెట్టెలు చేసే పనివాడు ఒకే వేళకు వీధిలోకి వచ్చారు. వేలమంది ఒకచోట చేరడానికి వీలైన గంట ఒకటి మొదటిసారి వారం వారం దొరికింది.

శనివారం మధ్యాహ్నం మూడింటికి ఆట

ఫుట్‌బాల్ చరిత్రను చాలామంది 1863తో మొదలుపెడతారు. ఆ ఏడాది లండన్‌లోని ఫ్రీమేసన్స్ టావెర్న్‌లో కొన్ని క్లబ్బుల ప్రతినిధులు కూర్చుని ఫుట్‌బాల్ అసోసియేషన్ (ఎఫ్‌ఏ) పెట్టి నియమాలు రాశారు. వాళ్లలో ఎక్కువమంది ఖరీదైన పబ్లిక్ స్కూళ్లలో చదివిన పెద్దింటి కుర్రాళ్లు. 1872 మార్చిలో కెన్నింగ్టన్ ఓవల్‌లో జరిగిన మొదటి ఎఫ్‌ఏ కప్ ఫైనల్ చూడడానికి వచ్చినవాళ్లు సుమారు 2,000 మంది. 1901లో క్రిస్టల్ ప్యాలెస్ మైదానంలో టోటెన్‌హామ్, షెఫీల్డ్ యునైటెడ్ జట్ల ఫైనల్‌కు లక్షా పదివేలకు పైగా జనం వచ్చారు. నియమాలు రాసినంత మాత్రాన రెండు వేలు లక్ష కాలేదు. మధ్యలో శనివారపు ఒంటిపూట ఊరూరా వ్యాపించింది. 19వ శతాబ్దం చివరి పాతికేళ్లలో తిండి గింజల ధరలు తగ్గి, పనివాడి చేతిలో నాలుగు పెన్నీలు మిగలడం మొదలైంది. రైలు ఉంది. మ్యాచ్ ఫలితాన్ని తంతి మీద అందుకుని అదే సాయంత్రం అచ్చువేసే పత్రికలు ఉన్నాయి.

జట్లు ఎక్కడ పుట్టాయో చూస్తే ఆ కాలపు సమాజం మొత్తం కనిపిస్తుంది. ఆస్టన్ విల్లా 1874లో ఒక వెస్లియన్ చర్చి కుర్రాళ్లు పెట్టుకున్నది. ఎవర్టన్ మొదట సెయింట్ డొమింగో అనే మెథడిస్టు చర్చి జట్టు. తర్వాత మాంచెస్టర్ యునైటెడ్ అయిన న్యూటన్ హీత్ 1878లో రైలు పెట్టెల కార్ఖానా పనివాళ్ల జట్టు. ఆర్సెనల్ 1886లో వూలిచ్ ఆయుధ కర్మాగారంలో మొదలైంది. బోల్టన్ వాండరర్స్ కథ మరీ ముఖ్యం. 1874లో క్రైస్ట్ చర్చి సండే స్కూల్ కుర్రాళ్లతో ఆ జట్టు మొదలైంది. సమావేశాలు ఎప్పుడు ఎలా జరగాలో పాదిరి శాసించబోతే, మూడేళ్లకే చర్చిని వదిలి బయటికొచ్చి కొత్త పేరు పెట్టుకున్నారు. కుర్రాళ్లను సారా దుకాణాలకు దూరంగా ఉంచాలని చర్చి ఇచ్చిన బంతిని వాళ్లు తీసుకున్నారు, దానితో పాటు ఇవ్వబోయిన పెత్తనాన్ని తీసుకోలేదు. విక్టోరియా కాలపు తీరిక చరిత్రలో ఇదే కథ మళ్లీ మళ్లీ జరుగుతుంది.

1883 ఎఫ్‌ఏ కప్ ఫైనల్‌లో బ్లాక్‌బర్న్ ఒలింపిక్ జట్టు ఓల్డ్ ఈటోనియన్లను 2-1తో ఓడించింది. ఒకవైపు ఈటన్ స్కూల్ పూర్వ విద్యార్థులు, మరోవైపు నేతపనివాళ్లూ ఇనుము పనివాళ్లూ ఉన్న లాంకషైర్ జట్టు. ఫైనల్‌కు ముందు ఒలింపిక్ ఆటగాళ్లు బ్లాక్‌పూల్ వెళ్లి సాధన చేశారు. పనిరోజుల్లో అలా వెళ్లాలంటే కోల్పోయిన కూలిని ఎవరో ఒకరు భర్తీ చేయాలి. ఆటకు డబ్బు తీసుకోవడం పెద్దమనిషి లక్షణం కాదని వాదించినవాళ్లు ఎవరూ వారం కూలి మీద బతికేవాళ్లు కారు. 1885లో డబ్బుకు ఆడడాన్ని అధికారికంగా ఒప్పుకున్నారు. 1888లో 12 జట్లతో ఫుట్‌బాల్ లీగ్ మొదలైనప్పుడు ఆరు లాంకషైర్‌వి, ఆరు మిడ్‌లాండ్స్‌వి. లండన్ నుంచి ఒక్కటీ లేదు. శనివారపు ఒంటిపూట ముందుగా స్థిరపడ్డ పారిశ్రామిక ప్రాంతాలు ఇవే కావడం దీనికి ఒక పెద్ద కారణం. దక్షిణాన పెద్దమనుషుల క్లబ్బుల పట్టు కూడా ఎక్కువ. షెఫీల్డ్ వెన్స్‌డే జట్టు పేరులో బుధవారం ఉండడానికీ సెలవే కారణం. 1820లో ఆ క్రికెట్ క్లబ్బు పెట్టిన చేతిపనివాళ్లకు బుధవారం ఒక పూట ఖాళీ దొరికేది. ఫుట్‌బాల్ జట్టు 1867లో దాని నుంచే వచ్చింది.

క్రికెట్ ఆట ఎక్కువసేపు సాగుతుంది కాబట్టి దాని దారి వేరు. ఊరి మైదానాల్లో అందరూ ఆడినా, మూడు రోజుల కౌంటీ మ్యాచ్ తీరిగ్గా చూడగలిగేవాళ్లు తక్కువ. ఆ కాలపు క్రికెట్‌లో మనకు దగ్గరి పేరు రంజిత్‌సింహ్‌జీది. 1896లో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఇంగ్లండ్ తరఫున ఆడిన మొదటి టెస్టులోనే ఆస్ట్రేలియా మీద 62, తర్వాత 154 నాటౌట్ కొట్టాడు.

రైలెక్కిన జనం

1841 జులై 5న థామస్ కుక్ సుమారు 500 మందిని లెస్టర్ నుంచి లఫ్‌బరోకు రైల్లో తీసుకెళ్లాడు. మనిషికి ఒక షిల్లింగు, అంటే 12 పెన్నీలు, పౌండులో ఇరవయ్యో వంతు. వాళ్లు వెళ్లింది విహారానికి కాదు, మద్యపాన వ్యతిరేక సభకు. అయినా జనానికి రైలు ప్రయాణమే పెద్ద సంబరమైంది. తాగుడు మాన్పించడానికి వేసిన రైలు నుంచి ప్రపంచమంతా తిరిగే యాత్రా వ్యాపారం పుట్టింది. 1844లో వచ్చిన రైల్వే చట్టం ప్రకారం మూడో తరగతి ప్రయాణికులకు మైలుకు ఒక పెన్నీ చొప్పున రోజుకు కనీసం ఒక రైలు నడపాలి, ఆ పెట్టెలకు పైకప్పు ఉండాలి. అంతకుముందు పేదవాళ్లు చాలాచోట్ల కప్పులేని పెట్టెల్లో ఎండకు ఎండి వానకు తడిసి వెళ్లేవాళ్లు.

1851లో లండన్ హైడ్ పార్కులో జోసెఫ్ పాక్స్టన్ కట్టిన అద్దాల భవనంలో మహా ప్రదర్శన జరిగింది. మే 1 నుంచి అక్టోబరు 15 వరకు 60 లక్షలకు పైగా ప్రవేశాలు నమోదయ్యాయి. మొదట టికెట్ ధర పౌండ్లలో ఉండేది. మే 26 నుంచి సోమవారం మొదలు గురువారం దాకా ఒక షిల్లింగు చేశారు. శుక్రవారం రెండున్నర షిల్లింగులు, శనివారం అయిదు. ఆదివారం మూసివేత. ఈ ధరల పట్టికను జాగ్రత్తగా చూడాలి. పనివాడికి ఖాళీ దొరికే శనివారం నాడే టికెట్ అతని అందుబాటులో లేదు. అయినా కార్ఖానాల యజమానులు కొందరు సెలవులిచ్చి పంపారు. చాలా ఊళ్లలో పనివాళ్లు వారం వారం కొన్ని పెన్నీలు దాచుకుని సంఘాలుగా రైలెక్కి వచ్చారు. షిల్లింగు జనం వస్తే లండన్‌లో అల్లర్లు జరుగుతాయని పెద్దలు భయపడ్డారు, పోలీసులను పెంచారు. ఏ అల్లరీ జరగలేదు. వచ్చినవాళ్లు యంత్రాలను చుట్టుముట్టి, అవి ఎలా పనిచేస్తాయో అడిగి తెలుసుకున్నారు.

ఆ ప్రదర్శనలో అందరూ ఎగబడి చూసినవాటిలో కోహినూరు ఒకటి. కృష్ణా తీరంలోని కొల్లూరు గనిలో దొరికిందని చెప్పుకునే ఆ వజ్రాన్ని, 1849లో లాహోర్ ఒప్పందం కింద చిన్నపిల్లాడైన సిక్కు మహారాజు దులీప్ సింగ్ నుంచి తీసుకుని అప్పటికి రెండేళ్లే అయింది. బంగారు పంజరంలో పెట్టి చూపించారు. ఆశించినంత మెరవలేదని చూసినవాళ్లు పెదవి విరిచారు. గ్యాస్ దీపాలు పెట్టి చూసినా లాభం లేకపోయింది. మరుసటి ఏడాది రాణి భర్త ఆల్బర్ట్ దాన్ని మళ్లీ కోయించాడు. 186 క్యారెట్ల రాయి సుమారు 105 క్యారెట్లకు తగ్గిపోయింది. ఒక వేసవి కాలపు సందర్శకుల నిరాశ ఆ రాయి ఆకారాన్నే మార్చేసింది. తెలుగువాళ్లకు ఆ ప్రదర్శన గురించి తెలియాల్సిన సంగతుల్లో ఇది మొదటిది.

సముద్రపు ఒడ్డుకు వస్తే, లాంకషైర్ మిల్లు ఊళ్లలో వేక్స్ అనే పాత ఊరి జాతర ఉండేది. జాతర రోజుల్లో ఎలాగూ ఎవరూ పనికి రారు కాబట్టి యజమానులు మిల్లు మూసి బాయిలర్లు బాగుచేయించుకునేవాళ్లు. క్రమంగా అది ఒక వారం సెలవైంది. ఒక్కో ఊరికి ఒక్కో వారం. ఆ వారం కూలి రాదు. అందుకని ఏడాది పొడుగునా వారానికి కొన్ని పెన్నీలు పొదుపు సంఘంలో వేసి, జాతర వారానికి తీసుకునేవాళ్లు. ఓల్డ్‌హామ్ ఊరు ఈ పొదుపుకు పేరు పడింది. ఆ డబ్బుతో కుటుంబాలు బ్లాక్‌పూల్ వెళ్లేవి. ఇరుగుపొరుగంతా ఒకే వారం ఒకే బీచికి వెళ్లేవాళ్లు కాబట్టి వీధి వీధే సముద్రపు ఒడ్డున మళ్లీ కలిసేది. బస ఇళ్లలో గది అద్దెకు తీసుకుని తిండి సరుకులు తామే తెచ్చిస్తే ఇంటావిడ వండిపెట్టేది. బ్లాక్‌పూల్‌కు 1846లో రైలు వచ్చింది. 1863లో సముద్రంలోకి చొచ్చుకుపోయే విహార వంతెన (పియర్) మొదటిది, 1879లో వీధుల్లో విద్యుత్ దీపాలు, 1885లో ట్రాము, 1894లో 518 అడుగుల టవర్. ఇవన్నీ మిల్లు పనివాళ్ల పెన్నీల మీద లేచినవే. దక్షిణాన ఉన్న బ్రైటన్‌కు రాజుల కాలం నుంచి పేరుంటే, బ్లాక్‌పూల్‌కు ఆ పేరు తెచ్చింది నేత కార్మికులు.

1871లో సర్ జాన్ లబ్బక్ తెచ్చిన బ్యాంకు సెలవుల చట్టం మరో మెట్టు. ఈస్టర్ సోమవారం, పెంతెకొస్తు పండగ మర్నాడు వచ్చే విట్ సోమవారం, ఆగస్టు మొదటి సోమవారం, క్రిస్మస్ మర్నాడు బ్యాంకులు మూయాలి. చట్టం బ్యాంకుల గురించే అయినా కొన్నేళ్లలోనే దుకాణాలు, కార్ఖానాలు కూడా అనుసరించాయి. ఆగస్టు సోమవారం విషయంలో విశేషముంది. అది ఏ మతపు పండగకూ చెందదు. ఊరికే విశ్రాంతి కోసం చట్టం ఇచ్చిన రోజు. జనం ఆ రోజును సెయింట్ లబ్బక్ పండగ అన్నారు.

ఆదివారం ఎవరిది?

శనివారం సగం పూటే. వారంలో నిండుగా ఖాళీ ఉన్న రోజు ఆదివారం ఒక్కటే, దాని మీదే పెద్ద గొడవ. ఆ రోజు చర్చికి పోవాలి, మిగతా సమయం ఇంట్లో నిశ్శబ్దంగా ఉండాలి అన్నది సబ్బతు నియమాన్ని గట్టిగా నమ్మేవాళ్ల వాదన. 1855లో ఆదివారపు వ్యాపారాన్ని ఆపే బిల్లు వచ్చింది. శనివారం రాత్రి కూలి అందుకునే పేదవాళ్లకు ఆదివారం పొద్దున్నే సరుకులు కొనుక్కోక తప్పదు. జూన్ 24న, మళ్లీ జులై 1న వేలాదిమంది హైడ్ పార్కులో చేరి, గుర్రపు బండ్లలో షికారుకొచ్చిన ధనికులను "చర్చికి పోండి" అంటూ కేకలతో ముంచెత్తారు. అక్కడే ఉన్న కార్ల్ మార్క్స్ ఆ దృశ్యాన్ని ఒక జర్మన్ పత్రికకు రాసి పంపాడు. పోలీసులు లాఠీలు ఝళిపించారు. బిల్లు మాత్రం వెనక్కి పోయింది. మరుసటి ఏడాది పార్కుల్లో ఆదివారం సైనిక బ్యాండు సంగీతం పెడితే జనం వేలల్లో వచ్చారు. కాంటర్‌బరీ ఆర్చిబిషప్ అభ్యంతరం చెప్పడంతో ప్రభుత్వం దాన్ని ఆపేసింది. లండన్‌లోని జాతీయ మ్యూజియంలు, చిత్రశాలలు ఆదివారం తలుపులు తెరవడానికి 1896 దాకా పట్టింది. అంటే వారమంతా పనిచేసే మనిషికి తన దేశపు బ్రిటిష్ మ్యూజియం చూసే వీలు విక్టోరియా పాలన చివరి అయిదేళ్లలో గానీ పూర్తిగా రాలేదు. ధనికులకు ఏ రోజైనా ఒకటే కాబట్టి ఈ నియమం వాళ్లను పెద్దగా తాకలేదు.

పాత వినోదాల మీద పెట్టిన నిషేధాల్లోనూ ఇదే తేడా కనిపిస్తుంది. 1835 చట్టం ఎద్దుల మీద కుక్కలను వదలడాన్ని, కోడిపందేల బరులు నడపడాన్ని నిషేధించింది. స్టామ్‌ఫర్డ్ ఊళ్లో వందల ఏళ్లుగా సాగుతున్న ఎద్దును తరిమే పండగను ఆపడానికి సైన్యాన్ని దించాల్సి వచ్చింది. 1839 తర్వాత అది ఆగిపోయింది. ఆ పందేలు క్రూరమైనవే, ఆపడం మంచిదే. కానీ గుర్రాల మీద కుక్కల మందతో నక్కను తరిమి చంపే పెద్దింటివాళ్ల వేట జోలికి ఆ చట్టం పోలేదు.

నిషేధించినచోట మరోటి ఇవ్వాలని ఆలోచించినవాళ్లూ ఉన్నారు. వాళ్ల చేతుల మీదుగా వచ్చినవాటిలో చాలా మంచివి ఉన్నాయి. డెర్బీలో జోసెఫ్ స్ట్రట్ అనే మిల్లు యజమాని 1840లో ఊరికి ఒక తోట రాసిచ్చాడు. 1847లో బర్కెన్‌హెడ్‌లో ప్రజాధనంతో పెద్ద పార్కు తెరిచారు. న్యూయార్క్ సెంట్రల్ పార్కుకు రూపకల్పన చేసిన ఓమ్‌స్టెడ్ దాన్ని చూసి ముగ్ధుడయ్యాడు. 1850లో పబ్లిక్ లైబ్రరీల చట్టం వచ్చింది. 1857లో మొదలైన సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియం గ్యాస్ దీపాలు పెట్టి సాయంత్రాలు కూడా తెరిచింది, పని ముగించుకుని వచ్చేవాళ్ల కోసం.

1862లో హెన్రీ సాలీ అనే పాదిరి పనివాళ్ల క్లబ్బుల సమాఖ్య పెట్టాడు. చదువుకునే గది, ఉపన్యాసాలు, చదరంగం ఉంటాయి, బీరు ఉండదు. పనివాళ్లు వచ్చారు, చూశారు, బీరు లేకపోతే రామన్నారు. కొద్ది సంవత్సరాల్లోనే నియమం సడలింది. 1880లలో పెద్దమనుషుల పోషణను వదిలించుకుని సభ్యులే క్లబ్బుల పాలన చేతిలోకి తీసుకున్నారు. బోల్టన్ కుర్రాళ్లు చేసిన పనే ఇదీ. దీన్ని చెడిపోవడం అని రాసిన సంస్కర్తలు ఉన్నారు. రోజుకు పది గంటలు ఒకరి మాట వినే మనిషి, సాయంత్రం కూడా మరొకరి పాఠం వినడానికి ఇష్టపడకపోవడంలో వింత లేదు.

పాఠం చెప్పని చోటు మ్యూజిక్ హాల్. 1852లో చార్లెస్ మార్టన్ లాంబెత్‌లో తన బీరు దుకాణం పక్కనే కాంటర్‌బరీ హాల్ కట్టాడు. బల్లల చుట్టూ కూర్చుని తింటూ తాగుతూ పాటలు వినడం, పల్లవి వస్తే అందరూ గొంతు కలపడం. అద్దె కట్టలేక రాత్రికి రాత్రి ఇల్లు ఖాళీ చేయడం, అత్తగారు, తాగుబోతు మొగుడు, సముద్రపు ఒడ్డున సరదా, ఇవీ పాటల విషయాలు. మేరీ లాయిడ్, డాన్ లీనో లాంటివాళ్లు బీద కుటుంబాల నుంచి వచ్చి దేశమంతటికీ తెలిసిన తారలయ్యారు. వేదిక మీద వాళ్లు చెప్పే జీవితం కింద కూర్చున్నవాళ్లదే. అయితే ఆ హాళ్లలో తిరుగుబాటు మాత్రమే ఉండేదని అనుకోకూడదు. 1878లో రష్యాతో యుద్ధం వస్తుందన్నప్పుడు జి.హెచ్. మెక్‌డెర్మట్ పాడిన యుద్ధోన్మాదపు పాట దేశాన్ని ఊపేసింది. సామ్రాజ్య గర్వాన్ని పేదల నోటికి అందించినది కూడా ఈ వేదికే. శతాబ్దం చివరికి పెద్ద కంపెనీలు భారీ హాళ్లు కట్టి, బల్లలు తీసేసి వరసగా కుర్చీలు వేసి, ప్రేక్షకులను నోరు మూసుకుని చూసేవాళ్లుగా మార్చాయి.

మధ్యతరగతి ఇళ్లలో తీరిక ఎక్కువగా నాలుగు గోడల మధ్యే గడిచేది. వాయిదాల మీద కొన్న పియానో, మ్యాజిక్ లాంతరు బొమ్మలు, మ్యూడీ అనే అద్దె లైబ్రరీకి ఏడాదికి ఒక గినీ (21 షిల్లింగులు) కట్టి తెచ్చుకునే నవలలు, నెలకో భాగం చొప్పున వచ్చే డికెన్స్ కథను ఒకరు చదువుతుంటే అందరూ వినడం. 1855లో పత్రికల మీద స్టాంపు పన్ను, 1861లో కాగితం మీద పన్ను పోయాక చదువు చౌకైంది, పెన్నీ కథల పుస్తకాలు కుర్రాళ్ల చేతికి చేరాయి. ప్రకృతి పిచ్చి కూడా పెరిగింది. ఫెర్న్ మొక్కలు ఏరి తెచ్చి గాజు పెట్టెల్లో పెంచడం ఒక వెర్రిగా మారి, కొన్ని అరుదైన జాతులు కొండల్లో దాదాపు కనుమరుగయ్యాయి. ప్రకృతి శాస్త్రవేత్త ఫిలిప్ గాస్ రాతలు చదివి జనం సముద్రపు రాతి గుంటల్లోని జీవులను అక్వేరియంల కోసం ఊడ్చేశారు. ఒక తరం గడిచేసరికి ఆ తీరాలు వెలవెలబోయాయి. తీరిక ఉన్న జనం పెరిగితే ప్రకృతికి ఏమవుతుందన్న సమస్య అప్పుడే మొదలైంది.

తీరిక దక్కనివాళ్లు

ఈ కథలో పెద్ద లోటు ఆడవాళ్లది. శనివారం 2 గంటలకు మిల్లు నుంచి వచ్చిన మగవాడు మైదానానికి పోతే, అదే మిల్లు నుంచి వచ్చిన అతని భార్య ఇల్లు కడగడం, వారం బట్టలు చూడడం, సాయంత్రం సంతకు వెళ్లడం మొదలుపెట్టేది. ఎవరి పని గంటలను తగ్గించడానికి చట్టం చేశారో వాళ్లకే ఆ పూట అందలేదు. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు పది లక్షలకు పైగా ఉండేవాళ్లు. ఫ్యాక్టరీ చట్టాలు వాళ్లకు వర్తించవు. తెల్లవారుజామున పొయ్యి రాజేయడం నుంచి రాత్రి యజమానులు పడుకునేదాకా పనే. వారానికో పూటో, నెలకో ఆదివారమో బయటికి వెళ్లడం యజమానురాలి దయ మీద ఆధారపడేది. మధ్యతరగతి అమ్మాయి పియానో సాధనకు దొరికిన గంట ఆ పనమ్మాయి గంట నుంచి వచ్చిందే. దుకాణాల్లో పనిచేసేవాళ్ల సంగతీ అంతే. శనివారం రాత్రి కూలి డబ్బుతో జనం కొనుగోళ్లకు వస్తారు కాబట్టి వాళ్లకు అదే అన్నిటికన్నా పెద్ద పనిరోజు. 1886 చట్టం 18 ఏళ్లలోపు దుకాణ ఉద్యోగులకు వారానికి 74 గంటల పరిమితి పెట్టింది. దాన్ని అప్పట్లో మేలు అనుకున్నారంటే అంతకుముందు పరిస్థితి ఎలాంటిదో ఊహించవచ్చు.

ఆటల్లో ఆడవాళ్లకు మొదట తలుపు తెరిచినవి క్రోకే, ఆ తర్వాత టెన్నిస్. వింబుల్డన్‌లో 1877లో మగవాళ్ల పోటీ మొదలైతే 1884లో ఆడవాళ్ల పోటీ వచ్చింది. అసలు మార్పు సైకిల్‌తో వచ్చింది. 1885లో స్టార్లీ తయారుచేసిన రోవర్ సైకిల్‌కు రెండు చక్రాలూ ఇంచుమించు ఒకే ఎత్తు, 1888లో డన్‌లప్ గాలి టైరు. 1890లలో మధ్యతరగతి అమ్మాయిలు తోడు ఎవరూ లేకుండా ఊరు దాటి వెళ్లగలిగారు. 1895 మార్చిలో ఉత్తర లండన్‌లో ఆడవాళ్ల ఫుట్‌బాల్ మ్యాచ్ జరిగితే వేలమంది చూడటానికి వచ్చారు. పత్రికల్లో కొన్ని వాళ్ల ఆట కంటే వాళ్ల దుస్తుల గురించి ఎక్కువ రాశాయి.

తీరికకూ పని లేకపోవడానికీ ఉన్న దూరాన్ని లాంకషైర్ జనం 1861 నుంచి 1865 దాకా అనుభవించారు. అమెరికా అంతర్యుద్ధం వల్ల పత్తి రాక ఆగిపోయి మిల్లులు మూతబడ్డాయి. లక్షలమందికి గంటలన్నీ ఖాళీయే, చేతిలో పెన్నీ లేదు. పొదుపు సంఘాల డబ్బు తిండికే చాలలేదు. సహాయం కింద వాళ్లకు ఇచ్చిన పనుల్లో పార్కులు తవ్వడం ఒకటి. ఓల్డ్‌హామ్‌లో 1865లో తెరిచిన అలెగ్జాండ్రా పార్కును కట్టింది పని పోయిన పత్తి కార్మికులే. ఆ కరువులో మిల్లులు భారతదేశపు పత్తి కోసం ఎగబడ్డాయి. ఆ వ్యాపారంలో బొంబాయిలో చేరిన డబ్బు అక్కడి మిల్లుల ఎదుగుదలకు ఉపయోగపడింది.

అలా వచ్చిన బొంబాయి మిల్లుల్లో సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా పని, వారానికో రోజు సెలవు కూడా లేదు. జోతిరావ్ ఫూలే సహచరుడు నారాయణ్ మేఘాజీ లోఖండే 1884లో మిల్లు కార్మికుల సభలు పెట్టి, వేలమంది సంతకాలతో వినతిపత్రం పంపాడు. అందులో మొదటి కోరిక ఆదివారం సెలవు. 1890 జూన్‌లో మిల్లు యజమానులు ఒప్పుకున్నారు. 1891 ఫ్యాక్టరీ చట్టం వారానికో సెలవును దేశమంతటికీ రాసింది, ఆడవాళ్ల పనిని రోజుకు 11 గంటలకు పరిమితం చేసింది. భారతదేశంలో ఇలాంటి చట్టం కావాలని లండన్‌లో గట్టిగా ఒత్తిడి చేసినవాళ్లలో లాంకషైర్ మిల్లు యజమానులూ ఉన్నారు. పోటీకి వచ్చిన బొంబాయి బట్ట చౌకగా తయారవడం వాళ్ల బాధ. ఆ ఒత్తిడికీ లోఖండే పోరాటానికీ కారణాలు వేరు, కానీ రెండూ కలిసిన చోట కార్మికుడికి ఒక రోజు దక్కింది. పెద్దవాళ్లయిన మగ కార్మికుల పని గంటలకు మాత్రం 1911 చట్టం వచ్చేదాకా ఏ పరిమితీ లేదు. అప్పుడు కూడా బట్టల మిల్లుల్లో పెట్టిన హద్దు రోజుకు 12 గంటలు.